ఇంటి అప్పు వెంట వచ్చిన బీమా

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థికీ, తెలుగు చదివే విద్యార్థికీ ఒకే విధంగా అర్థమయ్యే మాటలు కొన్ని ఉన్నాయి. బీమా, ఫిర్యాదు, జామీను, బాకీ, రసీదు, దస్తావేజు మొదలైనవన్నీ పారసీ, అరబ్బీ భాషలలో పుట్టి, ఉర్దూ ద్వారా కచేరీలకు వచ్చి, అక్కడినుండి మన ఇళ్ళలో ప్రవేశించాయి. పారసీలో 'బీమ్' అంటే భయం. ఆ మాట నుండి ఏర్పడినదే బీమా. 'ఫర్యాద్' అంటే ఆర్తితో పెట్టిన మొర. ఉర్దూలో జీతాన్ని 'తన్‌ఖ్వాహ్' అంటారు. తెలుగులో ఆ మాటే తనఖా అయి, ఇల్లో పొలమో కుదువ పెట్టడమనే అర్థంలో స్థిరపడినది. నెల జీతం మీద బ్రతికే మనిషి ఇల్లు కట్టుకోదలచినప్పుడు ఈ రెండర్థాలూ ఒకచోట కలుస్తాయి.

'గడువు' మాత్రం అచ్చ తెలుగు మాట. గడచుట నుండి వచ్చినది. ఈ వ్యాసంలో మేము ముఖ్యంగా విచారించదలచినది ఆ మాటనే. ఇంటి అప్పుతో పాటు ఎన్నో ఏండ్ల క్రితం అమ్మిన బీమాలో లోపం ఉన్నదని ఈనాడు తెలిసినప్పుడు, ఫిర్యాదు చేయడానికి గడువు మిగిలి ఉన్నదా? ఆ గడువును సంతకం చేసిన రోజు నుండి లెక్కించాలా, సంగతి తెలిసిన రోజు నుండి లెక్కించాలా?

ఇది మాకు పుస్తకాలలో ఎదురైన ప్రశ్న కాదు. మా మేనమామగారు చంద్రగిరిలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. 2009లో ఆయన ఇల్లు కట్టుకొనడానికి ఎనిమిది లక్షల రూపాయలు పదిహేనేండ్ల వాయిదాల మీద అప్పు తీసుకొన్నారు. అప్పిచ్చిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. కాగితాల మీద సంతకాలు చేయించిన ఉద్యోగి, "మాస్టారూ, దీనితో బీమా కూడ ఉంటుంది. మీకేమైనా జరిగితే ఇంటివాళ్ళు అప్పు కట్టనక్కరలేదు" అన్నాడట. మామూ సంతోషించారు. సంతకాలు ఎన్ని చేశారో ఆయనకు ఇప్పుడు గుర్తు లేదు. ఒక మధ్యాహ్నమంతా చేశానని మాత్రం చెబుతారు.

2017లో ఆయనకు గుండెపోటు వచ్చినది. తిరుపతిలో శస్త్రచికిత్స జరుగుతుండగా మేమందరం ఆసుపత్రి వరండాలో కూర్చొని ఉన్నాము. మా ముమానీ తస్బీహ్ త్రిప్పుతూ మధ్యలో ఒక్క మాట అన్నది: "అల్లా ఆయన్ని కాపాడాలి బేటా. ఇంటికైతే బీమా ఉంది." ఆమె నోట ఆనాడు వచ్చిన లౌకికమైన మాట అదొక్కటే. మాకందరికీ అదే ధీమా.

మామూ కోలుకొన్నారు. వాయిదాలన్నీ చెల్లించారు. 2024 వేసవిలో అప్పు తీరినది. పూర్తిగా తీరిన అప్పుకు సంబంధించిన ఆస్తి పత్రాలను ముప్పది రోజులలో తిరిగి ఇవ్వాలని, ఆలస్యానికి కారణం తమదే అయితే రోజుకు ఐదువేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన 2023 డిసెంబరు 1 నుండి అమలులో ఉన్నది. అందువల్లనో ఏమో, పత్రాలు త్వరగానే వచ్చాయి. ఆ కట్టలో ఇంటి దస్తావేజుకు అడుగున ఒక బీమా ధ్రువపత్రం కనిపించినది. మామూ దానిని అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అందులో ప్రీమియం నలుబది వేల రూపాయలు అని, అది ఒకేసారి చెల్లించబడినదని, బీమా కాలం ఐదేండ్లని ఉన్నది. అనగా 2014లోనే అది ముగిసినది. ఆసుపత్రి వరండాలో ముమానీ నమ్ముకొన్న బీమా అప్పటికి మూడేండ్ల క్రితమే చెల్లిపోయినది.

విద్యార్థులు ఇక్కడ కొంచెం లెక్క చేయాలి. ఆ నలుబది వేలు మామూ చేతి నుండి ఇచ్చినవి కావు. అప్పుకే కలిపి, అప్పును ఎనిమిది లక్షల నలుబది వేలుగా వ్రాశారు. వడ్డీ రేటు మధ్యలో మారుతూ వచ్చినా, సౌలభ్యం కోసం ఏడాదికి 10.5 శాతం అనుకొందాము. నలుబది వేలకు పదిహేనేండ్లలో తీరే వాయిదా నెలకు సుమారు 442 రూపాయలు. నూట ఎనుబది నెలలకు మొత్తం 79,600 రూపాయల దరిదాపు. ఐదేండ్ల రక్షణకు పదిహేనేండ్లు వడ్డీ కట్టినట్లయినది. నలుబది వేల సరుకు దాదాపు ఎనుబది వేలయినది. నెలకు నాలుగువందల నలుబది రూపాయలు వాయిదాలో కలిసిపోయి ఉంటే ఏ కుటుంబానికీ కంటికి కనబడదు. ఈ పద్ధతి బలమంతా అందులోనే ఉన్నదని మా అభిప్రాయం.

అప్పుతో బీమా కలపడం దానంతట అది తప్పు కాదు. మన ప్రాంతపు రైతులకు అది క్రొత్త సంగతి కూడ కాదు. 1985లో సమగ్ర పంటల బీమా పథకం వచ్చినప్పటి నుండి పంట ఋణం తీసుకొన్న రైతుకు బీమా తప్పనిసరి అయినది. 1999లో జాతీయ వ్యవసాయ బీమా పథకం వచ్చినా, 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చినా ఆ నిర్బంధం కొనసాగినది. 2020 ఖరీఫ్ నుండి మాత్రమే అది రైతు ఇష్టానికి వదలబడినది. వేరుసెనగ రైతు తన ఋణం నుండి ప్రీమియం మినహాయించారని గొణుగుకొన్నాడేమో గాని, అది ప్రభుత్వం ప్రకటించిన పథకమనీ, ఏ పంటకు, ఏ కాలానికి వర్తిస్తుందో ఊరందరికీ తెలిసినదనీ ఒప్పుకోవాలి. ఇంటి అప్పు విషయం వేరు. అప్పు తీసుకొనేవాడు జీవిత బీమా చేయించుకొని తీరవలెనని రిజర్వు బ్యాంకు గాని, బీమా నియంత్రణ ప్రాధికార సంస్థ గాని నిబంధన పెట్టలేదు. తాకట్టులో ఉన్న కట్టడానికి అగ్నిప్రమాద బీమా కావాలని అప్పిచ్చేవారు ఒప్పందంలో కోరడం వేరు. మనిషి ప్రాణానికి బీమా కొంటేనే అప్పిస్తామనడం వేరు. ఒక వస్తువో సేవో కావాలంటే మరొకటి కూడ కొనితీరాలని షరతు పెట్టడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వర్తక పద్ధతిగా పేర్కొన్నది. 1986 నాటి చట్టంలోనూ, దాని స్థానంలో 2020 జూలైలో అమలుకు వచ్చిన 2019 చట్టంలోనూ ఈ నిర్వచనం ఉన్నది.

అయితే మామూను ఎవరూ నిర్బంధించలేదు. ఆయన సంతోషంగానే ఒప్పుకొన్నారు. ఒప్పుకొన్నది పదిహేనేండ్ల బీమాకు, కాగితం మీద ఉన్నది ఐదేండ్ల బీమా. ఇటువంటి చోట నిర్బంధమని వ్రాస్తే ఫిర్యాదు వీగిపోతుంది. తప్పుగా చెప్పి అమ్మారని వ్రాయాలి. ఈ తేడాను మేము ఆలస్యంగా గ్రహించాము. ఆ సంగతి ముందు చెబుతాము.

ఇదే విషయంలో ఇంగ్లండులో జరిగిన ఒక వ్యాజ్యం ఉన్నది. దానిని చదివినప్పుడు మాకు మా మామూ కాగితాలే కండ్లముందు కనబడినవి. 2006లో సూసన్ ప్లెవిన్ అనే యాబది తొమ్మిదేండ్ల వితంతువు, ఒక కళాశాల అధ్యాపకురాలు, తన ఇంటిని హామీగా పెట్టి పారగన్ అనే సంస్థ వద్ద 34,000 పౌండ్లు అప్పు తీసుకొన్నది. అప్పు కాలం పదేండ్లు. దానితో అమ్మిన వాయిదాల రక్షణ బీమా కాలం ఐదేండ్లు. ప్రీమియం 5,780 పౌండ్లు, ముందే మొత్తంగా అప్పుకు కలిపివేశారు. తరువాత తేలినదేమనగా, ఆ 5,780లో బీమా కంపెనీకి చేరినది 1,630 పౌండ్లు మాత్రమే. 1,870 పౌండ్లు దళారి సంస్థ, 2,280 పౌండ్లు అప్పిచ్చిన సంస్థ తీసుకొన్నాయి. అనగా నూటికి డెబ్బది ఒకటికి పైగా కమీషను. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. 2014 నవంబరులో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఇంత పెద్ద కమీషనును దాచిపెట్టడం వలన అప్పిచ్చినవారికీ తీసుకొన్నవారికీ నడుమ గల సంబంధమే అన్యాయమైనదని తీర్పు చెప్పినది.

అది ఒక్క ప్లెవిన్ గారి కథ కాదు. ఆ దేశంలో గృహ ఋణాలకు, వ్యక్తిగత ఋణాలకు, క్రెడిట్ కార్డులకు తోడుగా ఇటువంటి బీమాలు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయాయి. స్వంత వ్యాపారం చేసుకొనేవారికి ఉద్యోగం పోతే ఆదుకొనే బీమా అమ్మారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. ఫిర్యాదులను ఎట్లా పరిష్కరించాలో నియంత్రణ సంస్థ పెట్టిన నియమాలను బ్యాంకులు న్యాయస్థానంలో సవాలు చేసి 2011 ఏప్రిల్‌లో ఓడిపోయాయి. ఆ పిమ్మట చెల్లింపులు మొదలై, చివరకు 3,800 కోట్ల పౌండ్లకు పైగా ప్రజలకు తిరిగి ముట్టినది. పదేండ్లు, పదిహేనేండ్లు దాటిన పాత అప్పుల మీద కూడ ఫిర్యాదులు వచ్చాయి. 2019 ఆగస్టు 29ని చివరి తేదీగా ప్రకటించి, ఆ తేదీని గురించి దేశమంతటా ప్రచారం చేశారు. మీ తరఫున మేము వ్రాస్తామంటూ బయలుదేరిన మధ్యవర్తులు వచ్చిన డబ్బులో పెద్ద వాటా తీసుకొంటూ ఉండగా, 2018లో వారి రుసుముకు నూటికి ఇరవై అని హద్దు పెట్టవలసివచ్చినది. మోసపోయినవారి చుట్టూ మరొక వర్తకం పుట్టడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

అక్కడ గడువును ఎట్లా లెక్కించారో చూడండి. సాధారణ నియమం ప్రకారం సంఘటన జరిగిన నాటి నుండి ఆరేండ్లు, లేదా ఫిర్యాదుకు కారణం ఉన్నదని తెలిసిన, తెలిసి ఉండవలసిన నాటి నుండి మూడేండ్లు. ఈ రెండింటిలో ఏది తరువాత ముగిస్తే అది. 2023 అక్టోబరులో వచ్చిన మరొక తీర్పు ఇంకా దూరం వెళ్ళినది. 2006లోనే ప్రీమియం చెల్లింపులు ఆగిపోయి, 2015లో కార్డు ఖాతా ముగిసి, 2019లో వేసిన దావా అది. అన్యాయమైన సంబంధం ముగిసిన నాటి నుండి గడువు లెక్కించాలని సుప్రీంకోర్టు చెప్పినది. ఆ లెక్కన మా మామూకు 2024 నుండి గడువు మొదలవుతుంది.

కాని మామూ ఇల్లు చంద్రగిరిలో ఉన్నది. మన చట్టం ఇంత ఉదారంగా లేదు. వినియోగదారుల కమిషనుకు వ్యాజ్యకారణం ఏర్పడిన నాటి నుండి రెండేండ్లలో ఫిర్యాదు చేయాలి. తగిన కారణం చూపితే, ఆ కారణాన్ని వ్రాతపూర్వకంగా నమోదు చేసి ఆలస్యాన్ని క్షమించే అధికారం కమిషనుకు ఉన్నది. ఎదుటి పక్షం గడువు మాట ఎత్తకపోయినా కమిషను తానే దానిని పరిశీలించాలని 2009లో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. అదే సంవత్సరం కందిమళ్ళ రాఘవయ్య కంపెనీ వ్యాజ్యంలో తీర్పు వచ్చినది. పొగాకు వ్యాపారం చేసే ఆ సంస్థ సరుకు 1988 మార్చిలో అగ్నికి ఆహుతి అయినది. సరుకు బ్యాంకు అప్పుకు హామీగా ఉన్నది, దానిపై బీమా ఉన్నది. బీమా కంపెనీ నుండి క్లెయిము కాగితాలు కోరుతూ సంస్థ ఉత్తరం వ్రాసినది 1992లో. వినియోగదారుల కమిషనుకు వెళ్ళినది ఇంకా తరువాత. గడువు నిప్పంటుకొన్న నాటి నుండే మొదలైనదని, తరువాత నడిపిన ఉత్తరాల వలన క్రొత్త గడువు పుట్టదని కోర్టు ఫిర్యాదును త్రోసిపుచ్చినది.

ఈ తీర్పు చదివి మేము మొదట నిరాశ చెందాము. 2009 నాటి సంతకం నుండి లెక్కిస్తే మామూ గడువు 2011లోనే తీరిపోయినది. కాని మళ్ళీ చదివితే ఒక భేదం కనిపించినది. నిప్పు దాగదు. సరుకు కాలిన రాత్రే యజమానికి నష్టం తెలుస్తుంది. ఐదేండ్లు అని వ్రాసిన కాగితం బీరువాలో దాగగలదు. మోసం వలన గాని, పొరపాటు వలన గాని హక్కుదారుకు సంగతి తెలియనప్పుడు, అది బయటపడిన నాటి నుండి, లేక తగిన శ్రద్ధ వహిస్తే బయటపడగలిగిన నాటి నుండి గడువు లెక్కించాలని 1963 నాటి కాలపరిమితి చట్టం 17వ సెక్షను చెబుతున్నది. అది సివిలు దావాలకు సంబంధించినదే అయినా, అందులోని న్యాయమే ఆలస్యాన్ని క్షమించుమని కమిషనును కోరడానికి ఆధారం కాగలదు. కాబట్టి ఇటువంటి ఫిర్యాదు నిలవాలంటే బీమా మంచిదా చెడ్డదా అని వాదించడం రెండవ పని. కాగితం చేతికి ఎప్పుడు వచ్చినదో రుజువు చేయడం మొదటి పని.

ఇక మా పొరపాటు చెప్పాలి. 2024 జూలైలో మామూ తరఫున అప్పిచ్చిన సంస్థకు తొలి ఉత్తరాన్ని వ్రాసినది మేమే. తెలుగు అధ్యాపకులం కదా, నాలుగు పుటలు వ్రాశాము. గురువును వంచించుట ఎట్టిదో వర్ణించాము. ఆసుపత్రి వరండాను వర్ణించాము. నిర్బంధమనీ, దోపిడీ అనీ వ్రాశాము. ఫిర్యాదు అనే మాటకు పారసీలో ఏ అర్థమున్నదో సరిగా ఆ అర్థంలోనే వ్రాశాము. మూడు పంక్తుల జవాబు వచ్చినది: దరఖాస్తు మీద సంతకం తమదే, బీమాకు తమరు అంగీకరించియున్నారు, విషయం ముగిసినది. మామూ ఆ జవాబు చదివి, "నువ్వు వ్రాసింది బాగుంది బేటా, కాని వాళ్ళు అడగని దానికి జవాబు చెప్పావు" అన్నారు. జీవితమంతా పిల్లల జవాబు పత్రాలు దిద్దిన మనిషి.

రెండవసారి ముందు కాగితాలు సేకరించాము. ఋణం మంజూరు చేసిన ఉత్తరం, మొదటి రోజు నుండి ఖాతా వివరాలు, బీమా దరఖాస్తు నకలు కోరాము. ఖాతా వివరాలలో అప్పు విడుదలైన రోజే నలుబది వేలు ఖర్చు వ్రాసి ఉన్నది. బీమా దరఖాస్తు నకలులో పేరు, చిరునామా, సంతకం మామూ చేతివ్రాతలో ఉన్నాయి. 'కాలం' అనే గడిలో ఐదు అనే అంకె వేరొకరి చేతివ్రాత. ఆ అంకె ఎప్పుడు వేశారో మేము చెప్పలేము కనుక ఉత్తరంలో దానిని గురించి ఆరోపణ చేయలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాశాము.

ఈ సందర్భంలో ఒక మాట. ఖుర్ఆనులో అన్నిటికంటె దీర్ఘమైన ఆయతు అప్పు పత్రాన్ని గురించినదని మన విద్యార్థులలో పలువురికి తెలుసు. పత్రంలోని షరతులను వ్రాయసగానికి చెప్పవలసినవాడు అప్పు తీసుకొన్నవాడేనని, అతడు అశక్తుడైతే అతని తరఫువాడు చెప్పాలని అందులో విధించబడినది. ఈ కాలపు పత్రాలన్నీ అప్పిచ్చినవాడే అచ్చువేసి తెస్తాడు. తీసుకొన్నవాడికి సంతకం చేసే చోటు మాత్రం పెన్సిలుతో గుర్తుపెట్టి ఉంటుంది. కాగితాన్ని భద్రపరచడం కూడ అప్పిచ్చినవారికే బాగా తెలుసు. మన కోట చరిత్రలోనే చూడండి. మద్రాసు స్థలానికి 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని నుండి పత్రం పొందిన ఈస్టిండియా కంపెనీ అంతటితో ఊరుకోలేదు. 1645లో చంద్రగిరి ప్రభువు శ్రీరంగరాయల నుండి మరల పత్రం పొందినది. వర్తకులకు కాగితం విలువ తెలిసినట్లు మనకు తెలియలేదు.

రెండవ ఉత్తరం ఒక పుటకు మించలేదు. అప్పు తేదీ, మొత్తం, ప్రీమియం, అప్పు కాలం, బీమా కాలం వ్రాశాము. అప్పు ఉన్నన్నాళ్ళు బీమా ఉంటుందని చెప్పి అమ్మారని వ్రాశాము. ధ్రువపత్రం తమ బీరువాలో పదిహేనేండ్లు ఉండి 2024లో మాత్రమే తమకు అందినదని, పత్రాలు అప్పగించిన రసీదు జతపరిచాము. ప్రీమియం, దానిపై కట్టిన వడ్డీ తిరిగి ఇవ్వాలని అడిగాము. అప్పిచ్చిన సంస్థకు ఒకటి, బీమా కంపెనీకి ఒకటి రిజిస్టరు పోస్టులో పంపాము. బీమా కంపెనీ నెలలోపల జవాబివ్వకపోయినా, కాదన్నా, ఏడాదిలోపల బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు. న్యాయవాది అక్కరలేదు. ఫిర్యాదుదారు స్వయంగా వ్రాసుకొనవచ్చు. అయితే అదే విషయం కోర్టులోనో వినియోగదారుల కమిషనులోనో నడుస్తుంటే అక్కడ తీసుకోరు. కాబట్టి ఏ తలుపు ముందు తట్టాలో నిర్ణయించుకొని తట్టాలి. అప్పిచ్చిన సంస్థ మీద ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వేరు.

క్రొత్తగా ఇల్లు కట్టుకొనేవారి పరిస్థితి కొంత మెరుగుపడినది. 2024 అక్టోబరు 1 నుండి గృహ ఋణం వంటి అప్పులకు ముఖ్యాంశాల పట్టిక ఇవ్వాలి. బీమా వంటి వాటికోసం వసూలుచేసే మొత్తాన్ని అందులో వేరుగా చూపి, ఏడాది వడ్డీ భారంలో కలిపి లెక్కించాలి. పట్టికలో లేని రుసుమును స్పష్టమైన అంగీకారం లేకుండా తీసుకోరాదు. మన విద్యార్థుల ఇండ్లలో ఎవరైనా అప్పు కాగితాల మీద సంతకం చేయబోతుంటే ఆ పట్టికను అడిగి, బీమా వరుస దగ్గర వేలు పెట్టి రెండు ప్రశ్నలు వేయవలెనని మా కోరిక: ఇది ఎన్నేండ్లకు? ధ్రువపత్రం మాకు ఎప్పుడు ఇస్తారు?

పాత అప్పులున్నవారు తమ కట్టలను ఒకసారి విప్పి చూచుకోవాలి. మామూ సంగతి తెలిసిన పిమ్మట ఆయనతో పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులు తమ ఖాతా వివరాలు తెప్పించుకొన్నారు. ఒకరికి అసలు బీమా లేదు. రెండవవారిది అప్పుతో సమానమైన కాలానికే ఉన్నది, ఆయన నిశ్చింతగా ఇంటికి వెళ్ళారు.

బీమా కంపెనీ మామూ కోరికను నిరాకరించినది. ధ్రువపత్రంలో ఉన్న కాలానికి రక్షణ కల్పించామని వారి జవాబు. ఆ జవాబు తేదీని మామూ గోడ మీది క్యాలెండరులో ఎర్రసిరాతో చుట్టి, పక్కన ఒక సంవత్సరం తరువాతి తేదీ వ్రాసుకొన్నారు. అంబుడ్స్‌మన్‌కు పంపిన ఫిర్యాదును ఈసారి ఆయనే వ్రాశారు. మేము అక్షరదోషాలు మాత్రం చూచాము. రెండున్నాయి. విచారణ తేదీ ఇంకా రాలేదు.